మనసు బాగాలేదని వేదికెక్కి చెప్పగలిగితే

సైబర్ టవర్స్ దగ్గర బయల్దేరితే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓ పది కిలోమీటర్లు. ఒకప్పుడు జాల్నాలో ఉండి 1953లో ఎర్రగడ్డకు వచ్చిన ఈ ఆస్పత్రి ఎందరిని నయం చేసి ఇంటికి పంపిందో ఎవరూ చెప్పుకోరు. ఊరి పేరు మాత్రం తిట్టుగా మిగిలింది. ‘వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి’ అంటే కాలేజీ క్యాంటీన్‌లో నవ్వుతారు, సినిమా హాల్లో నవ్వుతారు, టీమ్ లంచ్‌లోనూ నవ్వుతారు. విశాఖ వైపు అదే పనికి వాల్తేరు పేరు వాడతారు. ఆ నవ్వు విన్న మనిషికి మర్నాడు మీటింగ్‌లో గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరాడకపోతే ఏం చేస్తాడు? వైరల్ ఫీవర్ అని మెయిల్ పెట్టి సెలవు తీసుకుంటాడు. మరీ భరించలేకపోతే ‘నరాల డాక్టర్’ దగ్గరికి వెళ్తాడు, అదీ తెలిసినవాళ్లెవరూ తారసపడని పేటలో. ఇంట్లో పెళ్లి కావలసిన చెల్లెలుంటే అదీ చేయడు.

ఈ మౌనాన్ని కదిలించడానికి నాటకం పనికొస్తుందా అన్న ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. మన తెలుగు నేల మీదా కొంత జరిగింది. అదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది: మానసిక అనారోగ్యం గురించి ఎవరో నాటకం వేసి చూపిస్తే ఒరిగేది తక్కువ. ఆ బాధ పడినవాళ్లే నాటకంలో ఉంటే, చూసేవాళ్లకు అందులో కలగజేసుకునే హక్కు ఉంటే, అప్పుడు చిన్నచూపు తగ్గుతుంది. అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం పేరిట ఆఫీసు లాబీలో వేసే పదిహేను నిమిషాల స్కిట్‌కూ దీనికీ చాలా దూరం ఉంది.

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. 2022–23 నాటికి తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 9 లక్షలు దాటారు. వాళ్లలో అత్యధికులు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కలే పనిచేస్తారు. వాళ్ల ఒంటి సంగతి కొంత లెక్క తేలింది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద జరిగి 2025లో వెలువడిన అధ్యయనంలో, పరీక్షించినవారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, పని ఒత్తిడి అందుకు కారణాలుగా చెప్పారు. మనసు సంగతికి వచ్చేసరికి లెక్కలే పలుచన. 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మరోవైపు జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో ఆత్మహత్యల రేటు దేశం మొత్తానికి లక్షకు 12.4 ఉంటే, తెలంగాణలో 26.3 ఉంది. రెండింతలు దాటిన ఈ సంఖ్య ముందు కూర్చుని నాటకం గురించి రాయడం తేలిక పని కాదు. అయినా రాయాలి. మందులూ డాక్టర్లూ ఉన్న నగరంలో కూడా మనిషి అక్కడిదాకా వెళ్లకపోవడానికి సిగ్గూ భయమూ కారణమైనప్పుడు, వాటి మీద పనిచేసే సాధనాలను పట్టించుకోవాలి.

చిన్నచూపు ఎలా తగ్గుతుందన్న దానిపై అమెరికా మనస్తత్వవేత్త పాట్రిక్ కోరిగన్ బృందం 2012లో 14 దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించింది. పెద్దవాళ్ల విషయంలో పాఠాలు, కరపత్రాల కన్నా ప్రత్యక్ష పరిచయం ఎక్కువ పనిచేస్తుందని తేలింది. అంటే జబ్బు పడి కోలుకున్న మనిషిని ఎదురుగా కలవడం, అతని కథ అతని నోటే వినడం. అది కూడా వీడియోలో కన్నా ముఖాముఖిలో ఫలితం ఎక్కువ. టీనేజీ పిల్లల దగ్గర మాత్రం బోధన మెరుగ్గా పనిచేసింది. మానసిక అనారోగ్యం పట్ల వివక్షను అంతం చేయడంపై 2022లో వచ్చిన లాన్సెట్ కమిషన్ నివేదిక కూడా అనుభవం ఉన్నవాళ్లే ఇలాంటి కార్యక్రమాలను ముందుండి నడపాలని గట్టిగా చెప్పింది. కెమెరాలు ఆపేసి కాల్స్‌లో బతికే సైబరాబాద్‌లో ఈ ముఖాముఖి అన్న మాటకు ఎక్కువ బరువు ఉంది. నాటకానికి ఉన్న బలం కూడా అదే. నటుడూ చూసేవాళ్లూ ఒకే గాలి పీలుస్తారు.

మన దగ్గర దీనికి దొరికే మంచి రుజువు ఐటీ కారిడార్‌లో లేదు, పశ్చిమ గోదావరి పల్లెల్లో ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో అక్కడ పనిచేశారు. ఊళ్లో ఆశా కార్యకర్తల ద్వారా దిగులు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి వైద్యం అందేలా చూడటం వాళ్ల ప్రధాన లక్ష్యం. దానికి ముందు చిన్నచూపు తగ్గించే ప్రచారం చేశారు. పోస్టర్లు, కరపత్రాలతో పాటు జబ్బు పడిన మనిషి స్వయంగా మాట్లాడిన వీడియో ఒకటి, ఒక నాటకం అందులో ఉన్నాయి. ఫలితాలు 2017లో, రెండేళ్ల తర్వాతి పరిస్థితి 2019లో ప్రచురించారు. జనంలో వైఖరి మెరుగుపడింది, సాయం కోరడానికి జంకే గుణం తగ్గింది. ఊరివాళ్లకు ఎక్కువగా పట్టినవి ఆ మనిషి మాటలూ ఆ నాటకమూ. కోరిగన్ లెక్కల్లో తేలిన సంగతిని గోదావరి జిల్లా రచ్చబండ తన పద్ధతిలో చెప్పింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే నెల్లూరు ఉంది. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వాచకంలోని సీతమ్మ కథ తాగుబోతు మొగుడితో వేగే ఆడదాని కథ. అది చదివిన, చూసిన దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అదే సారా వ్యతిరేక ఉద్యమమై 1995 మద్యనిషేధం దాకా వెళ్లింది. ఆ ఆడవాళ్లకు ఎవరూ మద్యం వల్ల కలిగే అనర్థాల మీద స్లైడ్లు చూపించలేదు. తమ ఇంటి గుట్టు అనుకున్నది ఊరందరి గుట్టేనని తెలిసింది, అంతే. మానసిక అనారోగ్యం మీద ఉన్న సిగ్గులో సగం ‘నా ఒక్కడికే ఇలా’ అన్న భ్రమ. దాన్ని పదిమంది కూర్చున్న చోట తప్ప ఒంటరిగా పోగొట్టుకోవడం కష్టం. ప్రజానాట్యమండలి రోజుల నుంచి తెలుగు నాటకానికి ఈ విద్య తెలుసు. 1940ల్లో ‘మా భూమి’ చూసిన రైతుకు దొర ముందు తలెత్తి నిలబడిన తనలాంటి మనిషి కనిపించాడు.

అయితే దొర, సారా కొట్టు కళ్లకు కనిపించే శత్రువులు. ఏసీ గదిలో, మంచి జీతంతో, ఎవరూ తిట్టకుండానే కుంగిపోతున్న మనిషి కథలో శత్రువు ఎవరు? ఈ ప్రశ్న బ్రెజిల్ నాటక దర్శకుడు ఆగస్టో బోల్‌కు ఎదురైంది. పీడితుల నాటకరంగం అనే పద్ధతిని రూపొందించిన ఈయన్ను 1971లో సైనిక ప్రభుత్వం పట్టుకుని హింసించింది. తర్వాత ప్రవాసంలో యూరప్ చేరాడు. అక్కడ వర్క్‌షాపులకు వచ్చినవాళ్లు పోలీసు దెబ్బల గురించి, ఆకలి గురించి చెప్పలేదు. ఒంటరితనం గురించి, లోపలి డొల్లతనం గురించి, ఎవరితోనూ మాట్లాడలేకపోవడం గురించి చెప్పారు. మొదట ఆయనకు ఇవి పెద్ద బాధలుగా తోచలేదు. కానీ అన్నీ అమరిన ఆ దేశాల్లో కూడా మనుషులు ప్రాణాలు తీసుకుంటున్నారని గమనించాక ఆలోచన మార్చుకున్నాడు. వీధిలో పోలీసు లేకపోతే, తలలోపల ఉన్నాడన్నమాట. 1980ల మొదట్లో పారిస్‌లో సెసిలియా తుమిమ్‌తో కలిసి ‘తలలోని పోలీసు’ మీదే వర్క్‌షాపు నడిపాడు. ఆ పోలీసు ఏ మాటలు మాట్లాడుతున్నాడు, ఎవరి గొంతుతో మాట్లాడుతున్నాడు అన్నది మనుషులను నిలబెట్టి, వాళ్ల ఒళ్లతో బొమ్మలు కట్టించి బయటికి తీసే పద్ధతి అది. హైటెక్ సిటీకి ఇంతకంటే సరిపోయే నాటక పద్ధతి నాకు కనిపించలేదు. మన తలలో కూర్చున్నవాడు ఇంటర్‌లో ర్యాంకు అడిగిన లెక్చరర్ గొంతుతో మాట్లాడవచ్చు, హౌసింగ్ లోన్ గొంతుతో, ‘మీవాడికి ఆన్‌సైట్ వచ్చిందా’ అనే పెదనాన్న గొంతుతో మాట్లాడవచ్చు.

బోల్ పద్ధతుల్లో ఫోరమ్ నాటకం అన్నది మరీ తేలికగా చేయగలిగినది. అది ఇక్కడ ఎలా ఉంటుందో ఒకసారి ఊహించి చూడండి. మణికొండ పీజీ హాస్టల్ గది. రాత్రి పదకొండున్నర. ఒక అమ్మాయి అమెరికా క్లయింట్‌తో కాల్‌లో ఉంది. మధ్యలో నిజామాబాద్ నుంచి తల్లి ఫోన్. ‘తిన్నవా బిడ్డా?’ ‘తిన్ననమ్మా.’ తినలేదు. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో ఆమె మాట తడబడుతుంది, చేతులు వణుకుతాయి. వారం రోజులు సెలవు కావాలంటుంది. మేనేజర్ చెడ్డవాడు కాదు. ‘రిలీజ్ అయిపోనీ అమ్మా, తర్వాత చూద్దాం. కొంచెం స్ట్రాంగ్‌గా ఉండాలి కదా’ అంటాడు. పక్కనున్న సహోద్యోగి మ్యూట్ తీయబోయి ఆగిపోతాడు. నాటకం అక్కడితో అయిపోతుంది, చెడ్డగానే అయిపోతుంది. అప్పుడు మన సూత్రధారుడిలాంటి వ్యక్తి ముందుకొచ్చి, మళ్లీ మొదట్నుంచి వేస్తాం, ఎక్కడ మార్చాలనిపిస్తే అక్కడ ‘ఆగండి’ అనండి అంటాడు.

చూసేవాళ్లలో ఒకరు లేచి ఆ అమ్మాయి స్థానంలో నిలబడి ధైర్యంగా మాట్లాడతారు. మేనేజర్ పాత్రధారి మేనేజర్‌లాగే జవాబిస్తాడు: ‘సరే, రేటింగ్ అప్పుడు మాట్లాడదాం.’ ధైర్యం ఒక్కటే చాలదని హాలంతటికీ తెలిసిపోతుంది. ఇంకొకరు లేచి తల్లితో నిజం చెప్పి చూస్తారు. మరొకరు ఆ సహోద్యోగి స్థానంలోకి వెళ్లి మ్యూట్ తీసి, ‘నేను ఈ వారం తన పని చూసుకుంటా, పోయినేడు నాకూ ఇలాగే అయింది’ అంటారు. మార్చగలిగిన చోటు మ్యూట్ బటన్ దగ్గర ఉందని ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. ఏ పోస్టరూ ఈ సంగతి చెప్పదు. బెంగాల్ పల్లెల్లో సంజయ్ గంగూలీ నడిపే జన సంస్కృతి బృందం 1985 నుంచి ఈ తరహా పని చేస్తోంది. ప్రేక్షకుడు లేచి వచ్చే అలవాటు మన దేశంలో కుదరదన్న మాటకు ఆ నాలుగు దశాబ్దాలే జవాబు.

చిన్నచూపు తగ్గించడం ఒక పని, జబ్బు పడిన మనిషి కోలుకోవడం ఇంకో పని. రెండో దాని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. స్కిజోఫ్రేనియాకు డ్రామా థెరపీ మీద 2007లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు ప్రమాణాలకు నిలిచిన అధ్యయనాలు ఐదే దొరికాయి, అన్నిటిలో కలిపి 210 మంది. ఫలానా మేలు జరుగుతుందని గానీ కీడు జరుగుతుందని గానీ తేల్చలేమన్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కళలూ ఆరోగ్యం మీద 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, మేలు ఉందనే చెప్పింది గానీ వాటి నాణ్యత ఒకే తీరుగా లేదు. కాబట్టి రిహార్సల్‌కు వెళ్తున్నాను కదా అని మందు మానేయమనే నాటక బృందం దగ్గరికి ఎవరూ పోకూడదు.

అయినా కోలుకోవడం అంటే లక్షణాలు తగ్గడం ఒక్కటే కాదని ఆ దశ దాటినవాళ్లకు తెలుసు. దిగులు జబ్బు మనిషి నుంచి ముందుగా లాక్కునేవి చిన్న చిన్న సంగతులు: వేళకు లేవడం, ఎదుటివాడి కళ్లలోకి చూడడం, ‘నేను రాకపోతే పని ఆగిపోతుంది’ అన్న భావన. నాటకం రిహార్సల్ ఈ మూడింటినీ అడుగుతుంది. సాయంత్రం ఏడింటికి రాకపోతే నీ ఎదుటి పాత్రధారి గాలితో మాట్లాడుకోవాలి. ఇటలీలోని త్రియేస్తే పట్టణం ఈ విషయంలో ఎంతో దూరం వెళ్లింది. అక్కడి పిచ్చాసుపత్రిని ఫ్రాంకో బజాలియా అనే వైద్యుడు తెరిచేస్తున్న రోజుల్లో, 1973లో, రంగస్థల రచయిత జూలియానో స్కాబియా వచ్చి రోగులతో కలిసి ఒక పెద్ద నీలం గుర్రాన్ని కట్టాడు. కర్ర, కాగితపు గుజ్జుతో చేసిన ఆ గుర్రానికి మార్కో కవాల్లో అని పేరు. అంతకు ముందు ఆస్పత్రి బట్టల బండి లాగిన నిజం గుర్రం పేరే అది. ఊరేగింపు రోజున గుర్రం తలుపులో పట్టలేదు. దారికి అడ్డొచ్చినవి పగలగొట్టి బయటికి తీసుకుపోయారు, వెనకే రోగులూ డాక్టర్లూ నర్సులూ ఊళ్లోకి నడిచారు. 1978లో ఇటలీ పిచ్చాసుపత్రులను మూసేసే చట్టం తెచ్చింది. తర్వాత అదే ఊళ్లో మానసిక రోగులుగా ముద్రపడినవాళ్లు నటులుగా ఒక నాటక సంస్థే నడిపారు. టొరంటోలో 1987లో లీసా బ్రౌన్ అనే మానసిక వైద్యశాల నర్సు మొదలుపెట్టిన వర్క్‌మన్ ఆర్ట్స్ కూడా ఈ దారిదే. ఈ చోట్ల రోగి సానుభూతి పొందే మనిషి కాడు, టికెట్ కొన్నవాళ్లకు నాటకం చూపించే కళాకారుడు.

మరి సైబరాబాద్ దగ్గర ఏమున్నాయి? లేనివాటికన్నా ఉన్నవే ఎక్కువ. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది, అందులో రంగస్థల కళల విభాగం ఉంది. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన కుటుంబ నాటక సమాజం వారసులు ఐటీ భవనాల పక్కనే కాపురం ఉంటున్నారు. శిల్పారామంలో ఆరుబయట వేదిక ఉంది. బంజారాహిల్స్‌లో 2010 నుంచి లామకాన్ ఉంది. వినయ్ వర్మ సూత్రధార్, రత్నశేఖర్ రెడ్డి సమాహార లాంటి బృందాల వర్క్‌షాపులకు పగలు కోడ్ రాసి సాయంత్రం వచ్చేవాళ్లు కొత్త కాదు. లేనిది ఒక్కటే: వీళ్లకూ మానసిక వైద్యులకూ, కోలుకున్నవాళ్లకూ మధ్య నిలకడైన సంబంధం.

తెలుగు నాటకరంగం కూడా ఈ ఉద్యోగిని సరిగా చూడలేదు. నేను చూసిన పరిషత్తు నాటికల్లో సాఫ్ట్‌వేర్ కొడుకు ముసలి తల్లిదండ్రులను వదిలేసిన కృతఘ్నుడిగానే వస్తాడు. వాడికి నిద్ర పట్టదని, ఉద్యోగం ఊడుతుందన్న భయంతో ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పుతుందని రాసిన నాటిక నాకు తారసపడలేదు. ఇక ‘పిచ్చివాడి’ పాత్ర అంటే హాస్యమే. వేదిక మచ్చను చెరపగలిగినట్టే వేయనూ గలదు. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్రను ఎగతాళికి సరుకుగా పెంచుకుంటూ పోయిన ఫలితంగా ఒక కులం నొచ్చుకుని, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. నిషేధం సరైనదని నేననను. కానీ మానసిక రోగిని చూపి నవ్వించినప్పుడు నొచ్చుకున్నామని చెప్పే సంఘం కూడా లేదు. చెప్పుకుంటే తెలిసిపోతుంది మరి.

ఇంకో ప్రమాదం ఆత్మహత్యను వేదిక మీద చూపడం. పద్ధతిని వర్ణించడం, చావును పరిష్కారంగానో త్యాగంగానో చూపడం అప్పటికే అంచున ఉన్నవాళ్లకు హాని చేస్తుంది. మన మెలోడ్రామాకు ఈ అలవాటు బాగా ఉంది. డంకన్ మాక్మిలన్ ‘ఎవ్రీ బ్రిలియంట్ థింగ్’ దీనికి మంచి ప్రత్యామ్నాయం. క్వాసర్ ఠాకూర్ పదమ్‌సీ దర్శకత్వంలో వివేక్ మదన్ ఒక్కడే దాన్ని ఇండియాలో ఎన్నో ఊళ్లలో ప్రదర్శించాడు. తల్లి చనిపోవాలనుకున్నప్పుడు ఏడేళ్ల పిల్లాడు బతకడానికి కారణాల జాబితా రాయడం మొదలుపెడతాడు. ఆ జాబితాను ప్రేక్షకులే చదువుతారు, తండ్రి పాత్రా టీచర్ పాత్రా వాళ్లే పోషిస్తారు. చావును చూపకుండా చావు నీడలో బతికిన మనిషిని చూపిస్తుంది. తెలుగులో ఇలాంటిది రాయాల్సిన అవసరం చాలా ఉంది. ఏ ప్రదర్శన దగ్గరైనా హాలులో ఒక కౌన్సెలర్ ఉండాలి, చివర్లో టెలీ మానస్ నంబరు 14416 చెప్పాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి ఆఫీసులో వేసే నాటకం. ప్లేబ్యాక్ నాటకం అని ఒకటుంది, 1975లో అమెరికాలో జొనాథన్ ఫాక్స్, జో సాలస్ మొదలుపెట్టారు. ప్రేక్షకుడు తన కథ చెబితే నటులు అప్పటికప్పుడు వేసి చూపిస్తారు. అందమైన పద్ధతి. కానీ మూడో వరుసలో హెచ్ఆర్, మొదటి వరుసలో మేనేజర్ కూర్చుని ఉండగా ‘మీ కథ చెప్పండి’ అనడం అన్యాయం. కన్నీళ్ల మధ్య చెప్పిన మాట ఆర్నెల్ల తర్వాత లేఆఫ్ జాబితా తయారయ్యేటప్పుడు ఎవరికైనా గుర్తుకు రావచ్చు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతకు హక్కు ఇచ్చింది, ఆరోగ్య బీమాలో మానసిక రోగాలను శారీరక రోగాలతో సమానంగా చూడమంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలే గానీ శిక్షించకూడదంది. నాటకం చూసి మనసు విప్పినవాడికి ఈ చట్టం రక్షణ కాదు, ఎందుకంటే అతను డాక్టరుకు చెప్పలేదు, పక్క సీటుకు చెప్పాడు. అందుకే ఈ పని కంపెనీ గోడల్లోనూ వద్దు, ఆస్పత్రి గోడల్లోనూ వద్దు. యూనివర్సిటీ ప్రాంగణమో, శిల్పారామమో, సురభి కాలనీయో కావాలి. కంపెనీలు డబ్బు ఇవ్వవచ్చు, ఎవరు వచ్చారో అడగకూడదు. తమ అనుభవంతో నటించేవాళ్లకు నటులకిచ్చే పారితోషికమే ఇవ్వాలి. ప్రదర్శనకు ఐదు నిమిషాల ముందు ‘ఇవాళ నావల్ల కాదు’ అంటే మారుమాట లేకుండా ఒప్పుకోవాలి.

ఇంతా మాట్లాడి, ఈ కారిడార్ అంటే లాప్‌టాప్ ఉన్నవాళ్లే అనుకోవడం పెద్ద పొరపాటు. ఈ భవనాలు కట్టినవాళ్లలో పాలమూరు వలస కూలీలున్నారు. రాత్రంతా గేటు దగ్గర నిలబడే గార్డు, కారు ఈఎంఐ కోసం రోజుకు పద్నాలుగు గంటలు తిరిగే డ్రైవరు, పన్నెండో అంతస్తు టాయిలెట్లు కడిగే అమ్మలు కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ యాప్‌లో ఉండరు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు. దిగులు వాళ్లకు ‘మనసున పడతలేదు’ అన్న మాటగానో, తగ్గని తలనొప్పిగానో, సాయంత్రం సీసాగానో బయటపడుతుంది. వాళ్ల దగ్గరికి ఇంగ్లీషు నాటకం పోదు. రాయదుర్గం మెట్రో కింద డప్పు కొట్టి మొదలుపెట్టే వీధి నాటకం పోతుంది. దానికి టికెట్ ఉండకూడదు, సాయంత్రం షిఫ్టు మారే వేళకు గేటు బయటే వేయాలి, చూడటానికి ఆగిన ఆ అరగంటకు ఏ కాంట్రాక్టరూ జీతం కోయకూడదు.